కత్తెర తగలని జడ

ఈ డిసెంబరులో ఆమె మరణించినప్పుడు, అంత్యక్రియల ఏర్పాట్లు చూసే సంస్థ మనిషి మా ఇంటికి వచ్చి ఆమె పుట్టిన తేదీ అడిగాడు. ఈ దేశంలో ఆమెకు బంధువులెవరూ లేరు. పక్కింటివాళ్లం మేమే. నేను ఉద్యోగ జీవితమంతా జనాభా లెక్కల శాఖలో గడిపినవాణ్ణి. గోడవతల ఆరేళ్లు బతికిన మనిషి పుట్టిన తేదీ నాకు తెలియదు. అడగక కాదు. అడిగినప్పుడల్లా ఆమె ఒక్కటే చెప్పేది: "మా ఊరు తగలబడిన ఏడు నాకు ఎనిమిదేళ్లు."

ఊరు తగలబడింది 1936 ఆగస్టులో. పురపాలక కార్యాలయంలోని జనన రికార్డులు ఆ మంటల్లోనే పోయాయట. చర్చిలో బాప్తిస్మం పుస్తకం మిగిలి ఉండాలి కదా అని ఒకసారి అన్నాను. "ఆ తేదీ నాకక్కర్లేదు. అది రాసిన వేలూ, సైనికులకు మా నాన్నను చూపించిన వేలూ ఒకటే" అంది. కాబట్టి అంత్యక్రియల సంస్థ మనిషి తెచ్చిన కాగితంలో ఒక గడి ఖాళీగానే ఉండిపోయింది.

స్పెయిన్ నైరుతి మూల, పోర్చుగల్ సరిహద్దుకు దగ్గర్లోని చిన్న ఊరు ఆమెది. 1960లలో ఇళ్లలో పనికని ఆస్ట్రేలియా వచ్చి, అక్కణ్ణుంచి సముద్రం దాటి ఈ దీవుల దేశానికి చేరి, హెండర్సన్‌లో ద్రాక్షతోట ఉన్న, డాల్మేషియా తీరం నుంచి వలస వచ్చిన మనిషిని పెళ్లాడింది. తరవాత తోట పోయింది, భర్త పోయాడు. పిల్లలు లేరు. జీవితచరిత్రగా ఇంతకు మించి రాయడానికి నా దగ్గర ఆధారాలు లేవు. చూసినవి, విన్నవి రాస్తాను.

2013లో మా అమ్మాయి దగ్గరికి హెండర్సన్ వచ్చినప్పుడు, మొదట మా కంటబడింది ఆమె జడ. మనిషి పొట్టి, మణికట్లు మాత్రం వెడల్పు. తెల్లటి జడ మోకాళ్లు దాటేది. పని చేసేటప్పుడు దాని కొసను ఏప్రన్ బొందులో దోపుకునేది. కోళ్లను పెంచేది. ముసలిదైన కోడిని చంకలో పెట్టుకుని, దానితో స్పానిష్‌లో మెల్లగా ఏదో చెబుతూ పెరడంతా తిప్పి, మాట మధ్యలో మెడ పట్టుకుని ఒక్క తిప్పు తిప్పేది. కోడికి తెలిసేది కాదు. పండ్ల చెట్ల మీద పడే, పిల్లి సైజు జంతువులైన పాసమ్‌ల కోసం బోను పెట్టేది. అందులో చిక్కినదాన్ని సుత్తితో ఒక్క దెబ్బలో ముగించేది. ఒకసారి నేను ముఖం తిప్పుకోవడం చూసింది.

"చూడు, మిస్టర్ డేట్. సగం చంపడం పాపం. సగం చంపినది లేచి నడుస్తుంది, వంట చేస్తుంది, పిల్లల్ని పెంచుతుంది" అంది. నన్ను ఆమె పిలిచే పేరు అదే. పాసమ్ గురించి మాట్లాడుతూ వంట, పిల్లలు ఎందుకన్నదో అప్పుడు నాకు అర్థం కాలేదు. (ఆమె ఇంగ్లీషు తునకలు తునకలుగా ఉండేది. ఇక్కడ దాన్ని తెలుగులో రాస్తున్నాను.)

నా భార్యకు ఇంగ్లీషు అసలే రాదు. అయినా ఆ ఇద్దరి మధ్య స్నేహం నాకంటే ముందు కుదిరింది. మా రెండు పెరళ్ల మధ్య ఫీజోవా అనే జామలాంటి పండ్ల చెట్ల వరస, అందులో మనిషి దూరేంత సందు. నా భార్య ఆ సందులోంచి వెళ్లి, "అవ్వా" అని పిలిచేది. ఆమె పలికేది. ఒకరు తెలుగు, ఒకరు స్పానిష్, మధ్యలో చేతులు. అంత పొడుగు జుట్టు కొసలు ఎండి చిట్లిపోతున్నాయని నా భార్యకు దిగులు. 2014లో ఒకరోజు శాండ్రింగ్‌హామ్‌లోని ఇండియన్ కొట్టుకు వెళ్లినప్పుడు, మన ఇళ్లలో జుట్టుకు ఏది రాస్తామో అదే కొంది. ఆముదం.

శనివారం ఉదయం గిన్నెలో గోరువెచ్చగా చేసి, సీసా కూడా పట్టుకుని, మనవరాల్ని తోడు తీసుకుని వెళ్లింది. నేను సందు దగ్గర నిలబడి చూస్తున్నాను. ముసలామె మెట్ల మీద కూర్చుని జుట్టు విరబోసుకుని దువ్వుకుంటోంది. నా భార్య వెనకకు వెళ్లి కూర్చుని, అరచేతిలో నూనె పోసుకుంది. ఆమె వాసన చూసి, "ఏమిటది?" అంది.

"క్యాస్టర్ ఆయిల్, నానా" అంది మా మనవరాలు. ఇక్కడి పిల్లలు ముసలామెను అలాగే పిలుస్తారు.

తరవాతిది చాలా వేగంగా జరిగింది. గిన్నె గోడకు తగిలింది. సీసా సిమెంటు మీద పగిలింది. ఆమె నా భార్య మణికట్టు విరిచినట్టు పట్టుకుని, బలమంతా పెట్టి తోసింది. నా భార్య మెట్ల పక్కన పడింది. మోచెయ్యి చెక్కుకుపోయి రక్తం వచ్చింది. ముసలామె అక్కడే వంగి, పొట్ట పట్టుకుని, నోట్లో వేళ్లు పెట్టుకుని కక్కడానికి ప్రయత్నించింది. మనవరాలు ఏడుస్తూ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"నూనె నచ్చకుంటే నచ్చలేదనాలె. గట్ల తోస్తరా మనిషిని?" అంది నా భార్య, మోచెయ్యి కడుక్కుంటూ. "ఇగ ఆమె గడప తొక్క."

మర్నాడు మా గుమ్మం ముందు ఒక సంచి నిండా ఫీజోవాలు, వాటి మీద జాగ్రత్తగా పేర్చిన కోడిగుడ్లు ఉన్నాయి. క్షమాపణ మాట లేదు, వివరణ లేదు. నా భార్య గుడ్లు లోపలికి తెచ్చి, "తొక్కకుంటే ఎట్ల" అంది.

2015 నవంబరు 20న ఆమె పెద్ద పెనం నిండా పసుప్పచ్చటి అన్నం, అందులో కోడి వండి మోసుకొచ్చింది. మాకు కార్తీకం నడుస్తోంది.

"నో చికెన్, అవ్వా. కార్తీకం" అంది నా భార్య.

ఆమె మా అమ్మాయి వైపు చూసింది. మా అమ్మాయి ఇక్కడి ఆస్పత్రిలో పని చేస్తుంది, ఓపికగా చెప్పింది: "ఈ మంత్ అంతా మేం నాన్‌వెజ్ తినం, ఆంటీ. గాడ్ కోసం."

"మీ దేవుడు కూడా వాడి పక్షమేనన్నమాట. సరిగ్గా ఈ రోజే అడ్డం పడ్డాడు."

వాడంటే ఎవరో నాకు తెలుసు. ఆ తేదీ నాకు తెలుసు. 1936 జులైలో స్పెయిన్ ప్రభుత్వం మీద తిరగబడి, 1939 ఏప్రిల్ 1న గెలిచానని ప్రకటించి, ముప్పై ఆరేళ్లు నియంతగా ఏలి, 1975 నవంబరు 20న మంచం మీద సహజంగా చనిపోయిన జనరల్. ఆయన పేరు ఆమె ఎప్పుడూ పలకలేదు. నేనూ ఇక్కడ రాయను.

"చచ్చాడు సరే. ఎక్కడ పడుకున్నాడో తెలుసా?" అని అడిగింది.

అదీ తెలుసు. మాడ్రిడ్‌కు దగ్గర్లో కొండను తొలిచి చర్చి కట్టించుకున్నాడు. రాజకీయ ఖైదీల చేత కూడా రాళ్లు మోయించారు. కొండ మీది శిలువ ఎత్తు నూట యాభై మీటర్లు. యుద్ధమృతులందరికీ స్మారకమని చెప్పి, దేశం నలుమూలల గోతుల్లోంచి ఎముకలు తవ్వి తెచ్చి లోపల నింపారు. రికార్డు ప్రకారం 33,847 మంది. అందులో పన్నెండు వేలకు పైగా పేరు తెలియనివారు. చాలామంది కుటుంబాలను అడగనైనా అడగలేదు.

"మా నాన్న అందులో ఉన్నాడు" అందామె. ఊరి బయట ఆలివ్ తోట పక్కన గొయ్యిని కొన్నేళ్ల క్రితం తవ్వారట. అందులో దొరికినవి బొత్తాలు, చేతివేళ్ల ఎముకలు, పాదాల చిన్న ఎముకలు. పెద్ద ఎముకలు లేవు. "తొందరగా ఎత్తుకుపోయేవాళ్లు చిన్నవి వదిలేస్తారు. మా నాన్నను చంపినవాడు నడి చర్చిలో, పూల కింద. మా నాన్న ఆ గోడ వెనక పెట్టెలో, పరాయివాళ్ల ఎముకలతో కలిసి."

"ఆయన్ను అక్కడికే తీసుకెళ్లారని ఆధారం ఉందా?" అని అడిగాను.

"నీకు కాగితం కావాలి, మిస్టర్ డేట్. నాకు మా నాన్న కావాలి." జడ కొసను ఏప్రన్‌లోంచి లాగి నా ముందు చాపింది. "వాడు అక్కణ్ణుంచి బయటికి వచ్చిన రోజు దీన్ని కోస్తాను. అంతవరకు చావను."

మా అమ్మాయి తెలుగులో చెప్పగానే నా భార్య తల ఊపింది. "మొక్కు" అంది. ఆ మాటను వివరించమని ఎవరూ అడగలేదు. ఆ రోజు కోడి అన్నం నేను తిన్నాను. తిన్నందుకు కార్తీకం వెళ్లేదాకా మాటలు పడ్డాను.

మరుసటి ఏడు మేము హైదరాబాదు వెళ్లి వచ్చాం. మనవరాలికి జబ్బు చేసి తగ్గినప్పటి మొక్కు ఒకటి నా భార్యకు బాకీ ఉంది. తిరుమలలో తలనీలాలు ఇచ్చింది. హెండర్సన్‌కు తిరిగి వచ్చాక చలికి రుమాలు కట్టుకుని తిరిగేది. ఒక మధ్యాహ్నం బట్టలు ఆరేస్తూ, ఎండ బాగుందని రుమాలు తీసింది.

నేను ఇంటి వెనక చెక్క డెక్ మీద కూర్చుని మాండరిన్ పండు ఒలుస్తున్నాను. ఫీజోవా ఆకులు చప్పుడయ్యాయి. తల ఎత్తేలోపల ఆమె నా మీద ఉంది. చేతిలో కొమ్మలు కత్తిరించే పెద్ద కత్తెర. దాని రెండు అలుగులూ నా మెడకు చెరో పక్క ఉన్నాయి. కుర్చీ వెనక్కి ఒరిగి గోడకు ఆనింది.

"నువ్వేనా? నువ్వేనా చేసింది?"

ఏమి చేశానో నాకు తెలియదు. ఎడమ చెవి కింద చురుక్కుమంది, వెచ్చగా కాలర్‌లోకి దిగింది. ఆ వయసు మనిషిలో అంత బలం ఉంటుందని అనుకోలేదు. ఆమె కళ్లు నన్ను చూడటం లేదు. నా స్థానంలో ఇంకెవరో ఉన్నారు.

నా భార్య పరుగెత్తుకొచ్చింది. తనకు తెలిసిన ఇంగ్లీషంతా కూడదీసుకుని, "గాడ్, అవ్వా, గాడ్" అంది.

అది తప్పు మాట. కత్తెర ఇంకా బిగిసింది. "వాళ్లూ అదే అన్నారు" అంది ఆమె.

అప్పుడు నా భార్య చేసిన పని నేను మరచిపోలేను. కత్తెర జోలికి పోలేదు. ముసలామె ముందుకు వచ్చి, తల వంచి, ఆమె ఎడమచేతిని తీసి తన నున్నటి తల మీద పెట్టుకుంది. పెట్టుకుని నవ్వింది. "నేనే. నేనే ఇచ్చిన. మీ. ఐ గివ్."

ఆమె చెయ్యి ఆ తల మీద కాసేపు కదలలేదు. తరవాత మెల్లగా నిమిరింది, గాటు కోసం వెతుకుతున్నట్టు, నుదుటి నుంచి మెడ దాకా. గాట్లు లేవు. "ఇచ్చావా" అంది. "ఇచ్చావా." కత్తెర కింద పడింది. ఆమె గడ్డిలో కూలబడింది.

నా చెవి కింద గుడ్డ అదుముకుని ఆ మధ్యాహ్నం నేను విన్నది ఇది.

1936 మార్చి 25 తెల్లవారుజామున ఆ ప్రాంతంలోని భూమి లేని కూలీలు వేల సంఖ్యలో ఒక్కసారిగా జమీందార్ల బీడు పొలాల్లో దిగి దున్నారు. వాళ్లలో ఆమె తండ్రి ఒకడు. తల్లి మే డే ఊరేగింపుకు జెండా కుట్టింది. ఆగస్టులో సైన్యం ఊళ్లోకి వచ్చింది. పాదిరీ వేలు చూపించాడు. తండ్రి చేతులు వెనక్కి విరిచి తీగతో కట్టి, మిగతావాళ్లతో లారీ ఎక్కించారు. ఆలివ్ తోట వైపు నుంచి తుపాకుల చప్పుడు వినిపించినప్పుడు తల్లి రొట్టె పిండి పిసుకుతోందట. పిండి అంటిన ఆ చేతులతోనే తల్లినీ పట్టుకెళ్లారు.

ఊరి నడుమ కుర్చీ వేశారు. ఊరి మంగలినే పిలిచారు. ఈస్టరుకు ఈ పిల్ల ముంగురులు కత్తిరించింది అతనే. ఆదివారం నాడు చేసినట్టే కత్తిని తోలుపట్టీకి నూరి, "తల వంచమ్మా" అన్నాడట మర్యాదగా. తల్లి వంచలేదు. సైనికుడొకడు తుపాకి మడమతో దవడ మీద కొట్టాడు. తరవాత వంగింది. నడినెత్తిన ఒక్క పిలక వదిలి, దానికి సైనికుల జెండా రంగుల రిబ్బన్ కట్టారు. ముక్కు మూసి, గొంతులో గరాటు పెట్టి ఆముదం పోశారు. తల్లి తరవాత ఇంకొకామె, ఆమె తరవాత మరొకామె. అందర్నీ వరసగా నిలబెట్టి, బ్యాండు మేళం వాయిస్తూ వీధులన్నీ తిప్పారు. ఆముదం పని చెయ్యడం మొదలయ్యాక నడవలేక కూలిన వాళ్లను బూట్లతో తన్ని లేపారు. కాళ్ల వెంట కారుతుండగానే చర్చిలోకి నడిపించి మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. జనం కొందరు నవ్వారు. నవ్వనివాళ్ల పేర్లు రాసుకున్నారు.

"మంగలి జుట్టంతా ఊడ్చి తగలబెట్టాడు. అందరిదీ కలిపి. ఆ వాసన, ఆ నూనె వాసన" అని ఆగింది. "మా అమ్మ ఇంకా చాలా ఏళ్లు బతికింది. వంట చేసింది, నన్ను పెంచింది. నాన్నను పూర్తిగా చంపారు. అమ్మను సగమే చంపారు."

మీ ఊళ్లో ఇలాంటి గోతులున్నాయా అని ఆమె నన్ను అడిగింది. మాది నల్లగొండ జిల్లా. భూమి దున్నినందుకు మనిషిని చంపడం ఎలా ఉంటుందో నాకు కొత్తగా తెలియాల్సింది లేదు. ఉన్నాయని చెప్పాను. ఎన్ని అని ఆమె అడగలేదు. ఆమె వెళ్లాక నా భార్య, నా చెవికి పసుపు అద్దుతూ అంది: "నేను ఆముదం రాయబోయిన."

2018 సెప్టెంబరు 13న స్పెయిన్ పార్లమెంటు జనరల్ అవశేషాలను తొలగించడానికి అంగీకరించింది. ఆ వార్త ఆమెకు చెప్పింది నేనే. తొలగించే రోజు 2019 జూన్ 10గా నిర్ణయించారు. ఆమె నల్ల గౌను ఇస్త్రీ చేసి పెట్టుకుంది. నా భార్య కొత్త కత్తెర కొని పసుపు రాసి దేవుడి దగ్గర పెట్టింది. జూన్ 4న అక్కడి సుప్రీంకోర్టు ఆపేసింది. అదీ చెప్పాల్సింది నేనే.

ఆమె షెడ్డులోంచి గొడ్డలి తెచ్చి ఫీజోవా చెట్లను నరకడం మొదలుపెట్టింది. ఆపబోతే నా వైపే ఎత్తింది. నాలుగు చెట్లు పడ్డాక ఊపిరి అందక కూర్చుంది. ఆమె గుండె బలహీనపడిందని డాక్టరు చెప్పింది ఆ వారమే. అప్పటినుంచి ఆమె దగ్గర ఒకటే ప్రశ్న: "ముందు ఎవరు, వాడా నేనా?"

సెప్టెంబరు 24న కోర్టు అడ్డంకి తొలగింది. అక్టోబరు 24, గురువారం, స్పెయిన్‌లో మధ్యాహ్నం వేళ శవపేటికను బయటికి తీశారు. ఇక్కడ శుక్రవారం ఉదయం మా అమ్మాయి ఆ దృశ్యాన్ని ఫోన్‌లోంచి మా టీవీకి కలిపింది. ఆమె నల్ల గౌనులో, జడ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్కన నా భార్య, ఆమె పక్కన పళ్లెంలో కత్తెర.

చర్చి తలుపుల్లోంచి పేటిక వచ్చింది. బంధువులు భుజాల మీద మోస్తున్నారు. పైన గుడ్డ, గుడ్డ మీద చిహ్నం, పూలదండ. జిందాబాద్‌లు వినిపించాయి. హెలికాప్టర్ ఎగిరింది, జనరల్ భార్యను పాతిపెట్టిన శ్మశానానికి.

"చూసినవా, అవ్వా. ఒచ్చిండు" అని నా భార్య కత్తెర అందుకుంది.

ముసలామె, కత్తెర పట్టిన నా భార్య చేతిని మెల్లగా పక్కకు జరిపింది. ఈసారి తొయ్యలేదు.

"భుజాల మీద మోశారు" అంది. "మా నాన్నను కాళ్లు పట్టి ఈడ్చారు." మళ్లీ అంది: "వాడికి ఇది రెండో సమాధి. మా నాన్నకు మొదటిదే లేదు. నేను తప్పుగా మొక్కుకున్నాను. వాడు రావడం కాదు, మా నాన్న రావాలి."

జడ కొసను గౌను నడుముపట్టీలో దోపుకుని, కోళ్లకు మేత వెయ్యాలని వెళ్లిపోయింది. తరవాత ఏడు వారాలైనా బతకలేదు.

శవాన్ని సిద్ధం చేసే గదికి నన్ను రానివ్వలేదు. నా భార్య, మా అమ్మాయి వెళ్లారు. తెరిచి ఉన్న తలుపులోంచి చూశాను. అక్కడ పనిచేసే అమ్మాయి మంచి మనసుతోనే, జుట్టు మరీ పొడుగుంది, పేటికలో సర్దడానికి కొంచెం ట్రిమ్ చేస్తానంటూ కత్తెర తీసింది. నలభై ఎనిమిదేళ్ల కాపురంలో ఎవరి మీదా చెయ్యెత్తని నా భార్య, ఆ అమ్మాయి చేతి మీద గట్టిగా కొట్టింది. కత్తెర గచ్చు మీద జారుకుంటూ గోడ దాకా పోయింది. తరవాత "సారీ, బిడ్డా" అని ఆ చేతిని నిమిరి, సంచిలోంచి కొబ్బరినూనె తీసి, జడ మొత్తం విప్పి, మళ్లీ అల్లింది. కొసను ఆమె నడుము దగ్గర దోపింది.

మా అమ్మాయి కారు నడుపుతుంటే మేమిద్దరం వెనక సీట్లో కూర్చున్నాం.

"వచ్చే ఏడు తిరుపతిలో నేను తలనీలాలియ్య" అంది నా భార్య. ఆమె జుట్టు మళ్లీ భుజాలు దాటింది.

"ఎందుకు?"

"మొక్కు తీర్చకుండ పోయినోళ్లది ఉన్నోళ్లు తీర్చాలె. ఆమెకు ఎవరున్నరు? అవ్వ నాయన బయటికొచ్చిన రోజు కోసుకుంట."

"ముప్పై మూడు వేల ఎనిమిది వందల నలభై ఏడు మంది ఉన్నారక్కడ. ఆయన అందులో ఉన్నాడనే రుజువు కూడా లేదు. మన వయసెంతో తెలుసా నీకు?"

"నేను పోతే ఇది ఉన్నది" అని ముందు సీట్లో ఉన్న అమ్మాయి వీపు తట్టింది.

"నన్నెందుకు లాగుతవమ్మా మధ్యలో" అంది మా అమ్మాయి. కాని కాదనలేదు.

"మరి వచ్చాడని నీకెలా తెలుస్తుంది?" అని అడిగాను.

"నువ్వున్నవు గద. తారీఖులు చూసేటోనివి. చూస్తుండు."

ఇప్పుడు రోజూ ఉదయం నేను స్పెయిన్ వార్తలు వెతుకుతున్నాను. నా భార్య కిటికీ దగ్గర నిలబడి, నరికిన ఫీజోవా మొదళ్ల వైపు చూస్తూ జడ అల్లుకుంటుంది. చివరి పాయ తిప్పి రబ్బరు పెట్టేటప్పుడు అడుగుతుంది: "ఒచ్చిండా?"

ఇవాళ కూడా రాలేదని చెప్పాను.